ఎక్స్‌ఛేంజ్‌కి కెనడా వెళ్తున్నారా? సూట్‌కేసు తర్వాత, ముందు సంతకాలు

ఎక్స్‌ఛేంజ్ అంటే మన కాలేజీ విద్యార్థిగానే కొన్నాళ్లు అక్కడి యూనివర్సిటీలో చదివి రావడం. మొదట మన కాలేజీలో డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. అక్కడ చదవబోయే ఏ కోర్సుకి ఇక్కడ ఎన్ని క్రెడిట్లు ఇస్తారో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. "వచ్చాక చూద్దాంలే అమ్మా" అంటే కదలకండి. కోరుకున్న కోర్సులో సీటు దొరక్కపోవచ్చు, అందుకని రెండు మూడు అదనంగా ఒప్పించుకోవాలి.

చదువు 6 నెలలు దాటకపోతే సాధారణంగా స్టడీ పర్మిట్ (అక్కడ చదువుకోడానికి ఇచ్చే అనుమతి పత్రం) అక్కర్లేదు, విజిటర్ వీసా చాలు. బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) ఫీజు 85 కెనడా డాలర్లు. అవి ఇవ్వమని కెనడా ఇమిగ్రేషన్ లెటర్ వచ్చాకే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. నేను హైదరాబాద్‌లో ఇచ్చాను. సాయంత్రం వైజాగ్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం.

పర్మిట్ తీసుకునేవాళ్లకి ఒక మాట. పాస్‌పోర్టులో అంటించే వీసా వేరు, పర్మిట్ వేరు. పర్మిట్ కెనడాలో దిగాక ఎయిర్‌పోర్టులో ఇస్తారు. అడ్మిషన్ లెటరు, డబ్బు ఆధారాలు చేతిసంచిలోనే ఉంచుకోండి. పర్మిట్ మీద పేరు, గడువు తేదీ చూసుకున్నాకే కౌంటరు వదలండి.

వైజాగ్ జగదాంబ దగ్గర కొన్న స్వెటర్ అరకు చలికి సరిపోతుందేమో గానీ, నేను వెళ్లిన ఎడ్మంటన్‌లో జనవరిలో మైనస్ 30 కూడా పడుతుంది. జాకెట్, బూట్లు అక్కడే కొనుక్కోండి. మిక్సీ మోసుకెళ్లకండి, అక్కడ కరెంటు 120 వోల్టులే. ఆవకాయ పట్టుకెళ్తే కస్టమ్స్‌లో చెప్పేయండి. మాంసం పచ్చళ్ల జోలికి పోవద్దు.

ఇంట్లోవాళ్లకి ఫోన్ టైము ముందే చెప్పి వెళ్లండి. జనవరిలో మనకి రాత్రి 9 అయితే ఎడ్మంటన్‌లో ఉదయం 8:30.