సంత రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తనం వేయండి

మొదటి ఏడాది కొత్తిమీర విత్తనం మొత్తం ఒకే రోజు చల్లేశాను. నలభై రోజులకి మడి నిండా పచ్చగా, చూడ్డానికి ఎంతో బాగుంది. ఆ వారం సంతకి పెద్ద గంపలతో తీసుకెళ్తే సగం అమ్ముడుపోయి సగం వడలిపోయి ఇంటికొచ్చింది, తర్వాతి వారానికి చాలా మొక్కలు పూతకొచ్చేశాయి, మూడో వారం నా దగ్గర ఒక్క కట్ట కూడా లేదు. మొదటి వారం కొన్న ఇద్దరు ముగ్గురు మళ్లీ నన్నే వెతుక్కుంటూ వచ్చి, లేదనేసరికి పక్కవాళ్ల దగ్గర కొనుక్కుని వెళ్లారు. ఆ తర్వాత వాళ్లు నా దగ్గరికి రాలేదు. పంట పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధేసింది.

అందుకే అరెకరం, ఎకరంలో కూరగాయలు వేసి సొంతంగా అమ్ముకుందాం అనుకునేవాళ్లు "ఏం వేస్తే బాగుంటుంది" అని అడిగితే, ముందు మీ సంత ఏ రోజో, వారానికి ఎన్నిసార్లో చెప్పమంటాను. చిన్న తోటకి లెక్క విత్తనం దగ్గర మొదలవదు, సంత దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది.

లెక్క ఇలా. ఒక నోట్‌బుక్ తీసుకుని రాబోయే మూడు నెలల్లో వచ్చే సంత రోజులన్నీ రాసుకోండి. ఒక్కో తేదీకి ఏం తీసుకెళ్లాలో అనుకుని, ఆ పంటకి పట్టే రోజులు వెనక్కి తీసేయండి. తోటకూరకి 25 నుంచి 30 రోజులు, పాలకూర మొదటి కోతకి 30 నుంచి 40, కొత్తిమీరకి 40 అటూ ఇటూ, పొడుగు ముల్లంగికి 40 నుంచి 50, బెండ మొదటి కాయకి 45 నుంచి 50, పొద చిక్కుడుకి 50 నుంచి 60. టమాటాకి నారుమడిలో 25 నుంచి 30 రోజులు, నాటాక ఇంకో 60 నుంచి 80 రోజులు కావాలి. ఇవి రకాన్ని బట్టి మారతాయి, చలికాలంలో ఇంకో వారం పది రోజులు కలుపుకోండి. ఒక సీజన్ మీ నేలలో మీరు రాసుకున్న రోజులే చివరికి మీకు పనికొస్తాయి.

ఆకుకూరలూ ముల్లంగీ ఒకేసారి వేయకుండా వారానికో పది రోజులకో ఒక చిన్న మడి చొప్పున వేయండి. మడి ఎంత ఉండాలంటే, ఒక సంతలో ఎన్ని కట్టలు అమ్ముడవుతాయో అన్ని కట్టలు వచ్చేంత, పైన కొంచెం. మొదట్లో ఆ సంఖ్య తెలియదు కాబట్టి తక్కువే వేయండి. వెడల్పు మూడు నాలుగు అడుగులు దాటనివ్వకండి, రెండు పక్కల నుంచీ మధ్యకి చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. కొత్తిమీర గింజని రెండుగా విడేలా నలిపి, రాత్రంతా నానబెట్టి వేస్తే మొలక ఒకేసారి వస్తుంది. ఎండలు ముదిరితే అది త్వరగా పూతకొస్తుంది, ఆ నెలల్లో కాస్త నీడ పడేచోట చిన్న చిన్న మడులే వేయండి. పాలకూరని పీకేయకుండా నేలకి రెండు అంగుళాల పైన కోస్తే పది పదిహేను రోజులకి మళ్లీ కోతకొస్తుంది, కాబట్టి రెండు మూడు మడులుంటే వారం వారం సంతకి సరిపోతుంది.

ఇక కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది బెండ, దోస, చిక్కుడు దగ్గర, ఎందుకంటే ఇవి సంత రోజు దాకా ఆగవు. బెండ పూత విచ్చాక నాలుగు నుంచి ఆరు రోజుల్లో కోతకొస్తుంది, రోజు విడిచి రోజు కోయాలి, రెండు రోజులు ఆలస్యమైతే ముదిరి పీచు పడుతుంది, చివర విరిస్తే టక్కున విరగదు. ముదిరింది కదా అని చెట్టుకే వదిలేస్తే ఇంకా నష్టం, గింజ కట్టే కాయ ఉన్నంతసేపూ మొక్క బలమంతా దానికే పోయి కొత్త కాపు తగ్గిపోతుంది. దోసకీ చిక్కుడుకీ ఇదే పద్ధతి. అంటే సంత ఉన్నా లేకపోయినా మీరు తోటలోకి వెళ్లి కోయాల్సిందే, మధ్యలో కోసినవి ఎక్కడికి పంపాలో ముందే అనుకుని ఉండాల్సిందే. వారానికి ఒకటే సంత అయితే బెండ రెండు మూడు సాళ్లకి మించి వేయొద్దనే చెప్తాను. దాని బదులు కాస్త ఆగే పంటలు పెంచండి: క్యాబేజీ, గుమ్మడి, బీట్‌రూట్ లాంటివి. లేదా మధ్యలో ఇంటికే వచ్చి కొనుక్కెళ్లే పది కుటుంబాల్ని చూసుకోండి, అప్పుడు బెండ ధైర్యంగా వేసుకోవచ్చు. బెండ కోస్తుంటే చేతులకి దురద పెడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకునే కోయండి.

సంత ముందు రోజు పని అసలైన పని. మందు ఏదైనా కొట్టి ఉంటే, కొట్టాక ఎన్ని రోజులకి కోయాలో దాని లేబుల్ మీద ఉంటుంది, అది సంత తేదీకి సరిపోకపోతే ఆ మడి ఆ వారం ముట్టుకోకండి, ఎంత నష్టమైనా సరే. మన దగ్గర కొన్నవాళ్లు దాన్ని పిల్లలకి పెడతారు. సాయంత్రం ఆకుకూరలకీ ముల్లంగికీ ఒక తేలికపాటి తడి ఇవ్వండి, ఆకు నిండుగా ఉంటుంది, ముల్లంగి విరగకుండా చేతికొస్తుంది.

కోత మాత్రం తెల్లవారుజామున, ఎండ పొడ తగలకముందే. కోసిన కూర ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది, అంత త్వరగానూ వాడిపోతుంది. పది గంటల ఎండలో కోసిన పాలకూర సంతకి చేరేసరికే తల వాల్చేయడానికి కారణం అదే. కోసినవి కోసినట్టు నీడకి చేర్చండి. ఆకుకూరల్ని శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి తీసి, నీరు ఓడ్చి, తడి గోనెసంచి కప్పండి. నీళ్లు మురికైతే వెంటనే మార్చండి, ఒక మురికి తొట్టి చాలు మొత్తం గంప పాడవడానికి. బెండ మాత్రం తడపకండి, నల్లమచ్చలు పడి జిగురొస్తుంది. వంకాయ మెరుపు ఉండగానే ముచ్చికతో సహా కత్తిరించండి, మెరుపు పోయిందంటే లోపల గింజ ముదిరినట్టే. టమాటా దూరం వెళ్లాలంటే ఎరుపు తిరగడం మొదలవగానే కోయండి, దగ్గరైతే ఎర్రబడనివ్వండి, క్రేటులో మూడు నాలుగు వరసల కంటే ఎత్తుగా పోయకండి. పండిన టమాటా పక్కన ఆకుకూర గానీ దోస గానీ పెట్టొద్దు, పండేటప్పుడు దాంట్లోంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువు వల్ల అవి పసుపెక్కిపోతాయి. మిగిలిన టమాటాని ఫ్రిజ్‌లో పెట్టి కాపాడదామనుకుంటారు చాలామంది. పూర్తిగా పండనివాటిని బాగా చల్లని చోట పెడితే తర్వాత రంగూ రుచీ సరిగ్గా రావు, నీడలో గాలి తగిలేలా పరచడమే మంచిది.

సంతలో చేయాల్సింది పెద్దగా ఏం లేదు గానీ చేసేది వదలకుండా చేయాలి. కట్టలన్నీ ఒకే సైజులో కట్టండి, ధర రాసి పెట్టండి, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు ఆగుతారు. కాటా కొనేవాళ్లకి కనపడేలా ఉంచండి. ఆకుకూర కొంచెం కొంచెంగా బయటపెట్టి మిగతాది తడి సంచి కిందే ఉంచి, అయిపోయినకొద్దీ తీయండి. చివరి గంటలో సగం ధరకి ఇచ్చేయడం ప్రతివారం చేస్తే, మంచి ధరకి కొనేవాళ్లు కూడా ఆ గంట దాకా ఆగడం అలవాటు చేసుకుంటారు. నేనైతే ధర తగ్గించకుండా, ఎప్పుడూ నా దగ్గరే కొనేవాళ్లకి ఒక కట్ట ఊరికే వేసిస్తాను. ముదిరినది లేతదని చెప్పి అమ్మకండి, పప్పులోకి పర్లేదు వేపుడుకి బాగోదు అని ఉన్నదున్నట్టు చెప్తే మళ్లీ మన దగ్గరికే వస్తారు.

ఎరువు సంగతి ఒకటి మర్చిపోకుండా చెప్పాలి. ఆకుకూరలకీ దుంపలకీ పచ్చి పెంట వేయొద్దు, బాగా మాగినదే వేయండి. పచ్చిది వేయక తప్పకపోతే వేసినప్పటి నుంచి కోత దాకా కనీసం 120 రోజులు ఉండేలా చూసుకోండి, అందులో ఉండే సూక్ష్మక్రిములు ఆకు మీదికి చేరతాయి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం. ఇవి వేసిన చోట మళ్లీ వాటిలో ఏదీ రెండు మూడేళ్లు వేయకపోతే ఎండుతెగులు బాధ తగ్గుతుంది.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా పడుకునే ముందు మూడు అంకెలు రాయండి: తీసుకెళ్లినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని. నాలుగు వారాలు రాస్తే మీ మడి ఎంత ఉండాలో తెలుస్తుంది. కొత్తిమీర మూడు వారాలు వరసగా తిరిగొచ్చిందంటే తర్వాతి మడి మూడో వంతు తగ్గించండి, గంట లోపే అయిపోతోందంటే పెంచండి. మర్నాడు పొద్దున ఖాళీ అయిన మడి తవ్వి, మాగిన ఎరువు కలిపి, ఆ లెక్క ప్రకారమే విత్తనం వేసి, ఏ సంతకి కోతకొస్తుందో ఆ తేదీ ఒక పుల్లకి రాసి మడి చివర గుచ్చుతాను.