ఎయిర్ రైఫిల్‌కు సరిపోయే పెల్లెట్‌ను ఎలా ఎంచుకోవాలి?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన మొదలుపెట్టేవారు ఏ రైఫిల్ కొనాలి, ఏ జాకెట్ కుట్టించుకోవాలి అని నెలల తరబడి ఆలోచిస్తారు గాని, ఆ రైఫిల్‌లో పెట్టే సీసపు పెల్లెట్ల విషయంలో మాత్రం దుకాణంలో ఏది చేతికిస్తే అదే తెచ్చుకుంటారు. విజయవాడలో సాధన మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే చేశాను. ఒక పోటీకి నాలుగు రోజుల ముందు డబ్బా అయిపోతే అదే పేరున్న మరో డబ్బా కొన్నాను. పేరూ అదే, బరువూ అదే, బ్యాచ్ సంఖ్య మాత్రం వేరు. పది పాయింట్ల బదులు తొమ్మిదులు పడుతుంటే లోపం నా శ్వాసలో ఉందో, ట్రిగ్గర్ నొక్కే వేలిలో ఉందో అని వెతుక్కుంటూ ఆ నాలుగు రోజులూ గడిపాను. పోటీ ముగిశాక తోటి షూటర్ దగ్గర పాత బ్యాచ్ పెల్లెట్లు ఇరవై దొరికితే పేల్చి చూశాను. అవన్నీ మళ్లీ ఒకే రంధ్రంలోకి దూరిపోయాయి.

కారణం తేలికగానే అర్థమవుతుంది. పోటీ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్ల వ్యాసంతో, చదునైన తలతో, సన్నని నడుముతో, వెనుక బోలుగా ఉంటుంది. రైఫిల్ పెల్లెట్ బరువు సాధారణంగా 0.53 గ్రాములు. గాలి ఒత్తిడి దాని వెనుక అంచును బ్యారెల్ లోపలి మెలి గాడులకు అదిమితే, ఆ గాడులు దానిని తిప్పుతూ బయటికి పంపుతాయి. తల కొలత 4.49, 4.50, 4.51 అంటూ మిల్లీమీటరులో నూరో వంతు తేడాలతో దొరుకుతుంది. మన బ్యారెల్‌కు వీటిలో ఏది సరిగ్గా కూర్చుంటుందో డబ్బా మీది ధర చెప్పలేదు, పక్క లేన్‌లోని షూటర్ అనుభవమూ చెప్పలేదు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు రైఫిళ్లకు రెండు వేరు బ్యాచ్‌లు నప్పడం మామూలే.

ఎంత తేడా ఉంటే పట్టించుకోవాలో లెక్క వేసుకుందాం. టార్గెట్‌లో పది అంకె చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకినా చాలు కనుక, పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే 10.0 దక్కుతుంది, అక్కడి నుంచి ప్రతి 0.25 మిల్లీమీటరు దగ్గరయ్యేకొద్దీ 0.1 చొప్పున పెరిగి 10.9 దాకా వెళుతుంది. కాబట్టి పెల్లెట్ వల్ల వచ్చే చెదురు ఒక మిల్లీమీటరే అయినా, షూటర్ తప్పు లేకుండానే 0.4 పోవచ్చు. అరవై షాట్ల పోటీలో అది చిన్న నష్టం కాదు.

మన రైఫిల్‌కు ఏ బ్యాచ్ నప్పుతుందో వేర్వేరు బ్యాచ్‌లు పేల్చి పరీక్షించుకోవాల్సిందే. ఆ పరీక్షకు ముందు భద్రత చూసుకోవాలి. మన దేశంలో .177 అంగుళాల (4.5 మిల్లీమీటర్ల) బోరు, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు, కానీ లైసెన్సు అక్కర్లేనంత మాత్రాన అది ఆటవస్తువు కాదు. వీలైతే షూటింగ్ రేంజిలోనే పరీక్ష చేయండి. ఇంట్లో చేయక తప్పకపోతే టార్గెట్ వెనుక పెల్లెట్‌ను పూర్తిగా ఆపే ఇనుప పెట్టె, దాని వెనుక గట్టి గోడ ఉండాలి, ఆ గదిలోకి మరే తలుపూ తెరుచుకోకూడదు. కంటి రక్షణ అద్దాలు తప్పనిసరి. పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు.

ఇప్పుడు రైఫిల్‌ను కదలకుండా నిలిపే ఏర్పాటు చేసుకోవాలి. బిగింపు యంత్రం ఉన్న రేంజి దొరికితే అంతకన్నా మంచిది లేదు. లేనివారు నేను చేసినట్టు పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కత్తిరించి, ఒక చివర కుట్టి, జల్లించి ఎండబెట్టిన కృష్ణా ఇసుక నింపి, రెండో చివర కూడా గట్టిగా కుట్టేస్తే రెండు చక్కటి సంచులు తయారవుతాయి. ఒకటి రైఫిల్ ముందు భాగం కింద, రెండోది బట్ (భుజానికి ఆనే వెనుక భాగం) కింద ఉంచి, బరువైన బల్ల మీద ఆనించాలి. బ్యారెల్ మాత్రం దేనికీ తగలకూడదు. తడి ఇసుక వాడితే అది ఆరేకొద్దీ సంచి కుంగి గురి జారుతుంది.

టార్గెట్‌గా పల్చటి కాగితం పెడితే అది చిరిగి, రంధ్రం అంచు తెలియకుండా పోతుంది. టార్గెట్ కార్డులు చాలకపోతే శుభలేఖలు అచ్చువేసేచోట మిగిలే అట్ట ముక్కలు అడిగి తెచ్చుకుని, వాటి మీద నల్లటి గుండ్రాలు గీసుకోవచ్చు. అంతటా ఒకే రకం అట్ట వాడితే చాలు. పరీక్ష జరుగుతున్నంతసేపు ఫ్యాను ఆపేయండి. మే నెల విజయవాడలో ఆ గంట గడవడం కష్టమే, అందుకే నేను తెల్లవారుజామున మొదలుపెడతాను.

మూడు నాలుగు బ్యాచ్‌ల డబ్బాలు చేతిలో ఉన్నాయనుకుందాం. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 కావచ్చు, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ కావచ్చు, పేరుకన్నా బ్యాచ్ సంఖ్య, తల కొలత ముఖ్యం. వాటిని పుస్తకంలో రాసుకోండి. పెల్లెట్లను ఒక్కొక్కటిగా వెలుతురులో తిప్పి చూసి, వెనుక అంచు నొక్కుకుపోయినవాటిని, సీసపు పొట్టు అంటుకున్నవాటిని పక్కన పడేయండి. బంగారం తూచే త్రాసు మీద ప్రతి పెల్లెట్‌ను తూచేవారూ ఉన్నారు. మంచి పోటీ పెల్లెట్లలో బరువు తేడా ఎటూ స్వల్పమే కనుక, ఆ సమయాన్ని మరో రెండు గ్రూపులు (ఒకే గురి మీద వరుసగా పేల్చే కొన్ని షాట్లు) పేల్చడానికి వాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

బ్యాచ్ మార్చిన వెంటనే పడే గుళ్లను లెక్కలోకి తీసుకోకూడదు. బ్యారెల్‌లో పాత సీసపు పూత కొత్తదానికి అలవాటు పడేదాకా పది పదిహేను పెల్లెట్లు వేరే అట్ట మీద పేల్చి, తరువాతే గ్రూపు మొదలుపెట్టాలి. ఒక్కో గ్రూపుకు పది షాట్లు, ఒక్కో బ్యాచ్‌కు కనీసం ఐదు గ్రూపులు కావాలి. ఐదు షాట్ల గ్రూపు ఒక్కటి చూసి "ఇదే మంచిది" అని తేల్చేయడం చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే నాసిరకం బ్యాచ్ కూడా అదృష్టవశాత్తు ఒకసారి ఐదింటినీ దగ్గరగా పడేయగలదు. పైగా మొదటి బ్యాచ్ ఐదు గ్రూపులూ ముగించి రెండోదానికి వెళితే, అప్పటికి మన కళ్లు అలిసి, రైఫిల్ గాలి సిలిండర్‌లో ఒత్తిడి తగ్గి, రెండోదానికి అన్యాయం జరుగుతుంది. అందుకే మొదటిది, రెండోది, మూడోది చొప్పున ఒక్కో గ్రూపు పేలుస్తూ మళ్లీ మొదటికి రావాలి. సిలిండర్ ఒత్తిడి తయారీదారు చెప్పిన పరిధి దాటి పడిపోకుండా మధ్యమధ్య నింపుకోవాలి.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్ కావాలి. గ్రూపులోని అతి దూరపు రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం తీసుకుని, అందులోంచి ఒక రంధ్రం వ్యాసాన్ని తీసివేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. అట్టలో పడిన రంధ్రం పెల్లెట్ కన్నా కొద్దిగా చిన్నదిగా కనిపిస్తుంది కనుక 4.5 అని గుడ్డిగా తీసివేయకుండా, అదే అట్ట మీద ఒంటరి రంధ్రం ఒకటి పేల్చి దాన్ని కొలిచి వాడండి. ఐదు గ్రూపుల సగటుతో పాటు అన్నిటికన్నా పెద్ద గ్రూపునూ చూడాలి. సగటు దాదాపు సమానంగా ఉన్న రెండు బ్యాచ్‌లలో, ఎప్పుడూ పెద్దగా చెదరనిదాన్నే నేను తీసుకుంటాను.

నచ్చిన బ్యాచ్ దొరికితే ఒకేసారి తగినన్ని కొనాలి. రోజుకు వంద షాట్లు పేల్చేవారికి ఐదు వందల డబ్బా ఐదు రోజులకే అయిపోతుంది, కనుక పది డబ్బాలైనా రెండు నెలలు నిండవు. మన కోస్తా తేమకు సీసం మీద తెల్లటి పొడి తేలుతుంది. డబ్బాలను సిలికా జెల్ పొట్లంతో గాలి చొరబడని పెట్టెలో పెట్టి, పిల్లల చేతికి అందని అల్మరాలో దాచండి. సీసపు పొడి ఒంట్లోకి పోకుండా, పరీక్ష చేసిన బల్లను, నేలను పొడి చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి. చేతులు సబ్బుతో కడిగేదాకా మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టుకోకూడదు. ఎంచుకున్న బ్యాచ్ తాలూకు మంచి గ్రూపు అట్ట మీద తేదీ వేసి ఆ పెట్టెలోనే ఉంచితే, ఆరు నెలల తరువాత స్కోరు తగ్గినప్పుడు అదే ఇసుక సంచుల మీద మరో గ్రూపు పేల్చి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.