లైసెన్స్ మార్చాలంటే ముందు మనుషుల్ని వెతకాలి

సబ్‌టైటిల్ ఫైళ్ళు చదివే ఒక చిన్న ఓపెన్ సోర్స్ కోడ్ లైబ్రరీకి నేను మెయింటెయినర్‌ని, అంటే దాని బాధ్యత నాది. దాని లైసెన్స్‌ని, అంటే కోడ్‌ని ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతుల్ని, జీపీఎల్ వెర్షన్ 2 నుంచి అపాచీ 2.0కి మార్చడానికి రెండు వారాలు చాలనుకున్నాను. పదకొండు నెలలు పట్టింది.

మెయింటెయినర్ అయినంత మాత్రాన కోడంతా మనది అయిపోదు. హక్కులు బదిలీ చేస్తూ ఒప్పందం రాసిస్తే తప్ప ప్యాచ్ (కోడ్ మార్పు) పంపినవాళ్ళ కాపీరైట్ వాళ్ళదే. ప్రతి కమిట్ (చరిత్రలో నమోదైన మార్పు) కింద డీసీఓ సంతకం, అంటే కోడ్ పంపినవాళ్ళ హామీ, ఉందిగా అని నేనూ ధీమాగా ఉన్నాను. ఇప్పుడున్న లైసెన్స్ కింద ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మాత్రమే అది చెబుతుంది. రేపు మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోండి అని అందులో ఎక్కడా లేదు.

అసలు వాళ్ళ అనుమతి అడగాల్సిన అవసరం ఉందో లేదో ముందు చూసుకోండి. ఫైళ్ళ హెడర్లలో (మొదటి లైన్లలో) 'వెర్షన్ 2 లేదా ఆ తర్వాతిది' అని ఉంటే జీపీఎల్ 3కి వెళ్ళడానికి ఎవరి దగ్గరికీ వెళ్ళనక్కర్లేదు. నా ఫైళ్ళలో 'వెర్షన్ 2 మాత్రమే' అని ఉంది, అదీ నేను రాసిందే.

అడగాల్సినవాళ్ళ జాబితా కంటే ముందు కొళాయి కట్టేయండి. ఈ రోజు నుంచి వచ్చే ప్రతి ప్యాచ్ పాత, కొత్త లైసెన్సులు రెండింటి కింద ఇస్తేనే తీసుకుంటామని, కోడ్ పంపేవాళ్ళకి నియమాలు చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైల్లో రాసేయండి. కంపైలర్ ప్రాజెక్ట్ ఎల్ఎల్‌వీఎం వాళ్ళు కూడా 2019 జనవరిలో కొత్త కోడ్‌కి కొత్త లైసెన్స్ పెట్టేసి, పాత కోడ్ సంగతి ఆ తర్వాత తేల్చుకుంటూ వచ్చారు. నేనిది మూడో నెలలో గానీ చేయలేదు. ఈలోపు మరో ఆరుగురు జాబితాలో చేరారు.

పేర్ల కోసం గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఇచ్చే షార్ట్‌లాగ్ కమాండ్ వాడండి, ఈమెయిళ్ళు కూడా చూపించే ఆప్షన్‌తో. నాకు 94 పేర్లొచ్చాయి. ఒకాయన మూడు ఈమెయిళ్ళతో మూడుసార్లు ఉన్నాడు. అలాంటివాళ్ళని మెయిల్‌మ్యాప్ ఫైల్లో కలిపేస్తే 81 మంది తేలారు. అయితే కమిట్ల లెక్క మోసం చేస్తుంది. ఇప్పటికీ మిగిలున్న లైన్లు ఎవరివో గిట్ బ్లేమ్‌తో చూడండి. ఖాళీలు సర్దినవాళ్ళు, లైన్లు అటూ ఇటూ జరిపినవాళ్ళు రచయితలుగా కనబడకుండా దానికి ఆప్షన్లున్నాయి. బ్లేమ్‌కి కూడా దొరకనివి కొన్నుంటాయి. మొదటి రోజుల్లో మెయిల్లో వచ్చిన ప్యాచ్‌లని నా పేరుతోనే కమిట్ చేశాను. 'పంపినవారికి థ్యాంక్స్' అని కమిట్ మెసేజ్‌లో రాసిన ఒక్క ముక్కే వాటికి ఆధారం.

ఉత్తరం పొట్టిగా రాయండి, ఒక్కొక్కరికీ విడిగా పంపండి. నేను పంపింది దాదాపు ఇలా ఉంది: 'మీరు పార్సర్‌లో రాసిన 40 లైన్లు ఇవి. వీటిని అపాచీ 2.0 కింద ఇవ్వడానికి ఒప్పుకుంటే, ఒప్పుకుంటున్నాను అని ఒక్క వాక్యం రాయండి. అప్పట్లో ఆఫీసు పనిగా రాశారా?' ఆ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. సంతోషంగా సరేనన్న ఒకావిడ, కోడ్ మాత్రం ఉద్యోగంలో భాగంగా రాసిందని చెప్పారు. అంటే హక్కు కంపెనీదన్నమాట. ఆ ఒక్క సంతకానికి నాలుగు నెలలు పట్టింది.

ఇక జవాబివ్వనివాళ్ళు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ కాపీరైట్ దగ్గర అది చెల్లదు. 2017లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాళ్ళు జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటామని మెయిల్ పంపి గట్టిగానే మాటలు పడ్డారు. అందరూ కలిసి తయారుచేసే మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012లో లైసెన్స్ మార్చినప్పుడు, ఒప్పుకోనివాళ్ళు ఇచ్చిన డేటాని తీసేసింది. నేనూ ఆ దారే పట్టాను. మూడుసార్లు రాసినా పలకని ఏడుగురిలో ఐదుగురివి అక్షరదోషాల సవరణలు, అంత చిన్నవి గనక అలాగే ఉంచేశాను. ఒకరి ఫీచర్ ఎవరూ వాడటం లేదు, తీసేశాను. చివరిది టైమ్‌కోడ్ లెక్కలు చేసే 140 లైన్లు. పాత కోడ్ ఎప్పుడూ చూడని స్నేహితుడికి ఫార్మాట్ వివరాలు, కొత్తగా రాసిన టెస్టులు మాత్రమే ఇచ్చి మళ్ళీ రాయించాను.

ఒప్పుకోళ్ళన్నీ తేదీలతో సహా రిపోలోనే (కోడ్ ఉండే చోటే) ఒక ఫోల్డర్లో పెట్టండి. పాత లైసెన్స్ కింద వచ్చిన ఆఖరి వెర్షన్‌కి ట్యాగ్ వేయండి. అది తీసుకున్నవాళ్ళకి ఆ లైసెన్సే వర్తిస్తుంది, వెనక్కి తీసుకోలేం. తర్వాత ప్రతి ఫైలు హెడర్లో లైసెన్స్ పేరు చెప్పే ఎస్పీడీఎక్స్ లైను మార్చండి.

రిలీజ్ చేసిన ఆరు వారాలకి ఆ 140 లైన్లాయన జవాబిచ్చాడు: 'సారీ, ఇప్పుడే చూశాను. తప్పకుండా వాడుకోండి.' ఆ మెయిల్ కూడా ఫోల్డర్లో పెట్టాను. నిజం చెప్పాలంటే ఆయన కోడే ఇంకాస్త వేగంగా నడిచేది.