అరకు కాఫీ గింజ నిజంగా అరకుదేనా? ఇలా తేల్చండి

ప్యాకెట్ మీద అరకు అని రాసి ఉంటే సరిపోదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా పేరుతో ఎక్కడిదో గింజ అమ్మితే, కొండ మీద పండించే గిరిజన రైతు కడుపు కొట్టినట్టే.

ముందు పోల్చుకోవడానికి అసలు సరుకు కావాలి. మీరే తోటలకు వెళ్లి రెండు మూడు సీజన్ల పచ్చి గింజలు తెచ్చుకోండి, ఒక్క ఏడాదివే అయితే ఆ ఏటి వాన తీరునే అరకు తీరు అనుకుని పొరపడతాం. ఈ పని చెయ్యకపోతే ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా దండగ.

వేయించని గింజ రాయిలా ఉంటుంది. లిక్విడ్ నైట్రోజన్‌లో, అంటే గడ్డకట్టించేంత అతి చల్లటి ద్రవంలో ముంచితే పెళుసై విరుగుతుంది, అప్పుడు సెరామిక్ రోట్లో నూరండి. స్టీలు గ్రైండర్ మాత్రం వద్దు, స్టీలులోని క్రోమియం, నికెల్ పొడిలోకి దిగి గింజలోని లోహాల లెక్క చెడుతుంది.

ల్యాబ్‌లో ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు చూడమనండి, అవి వాన, ఎత్తు సంగతి చెబుతాయి. స్ట్రాన్షియం అనే లోహపు 87, 86 ఐసోటోపుల నిష్పత్తి నేల కింది రాయి సంగతి చెబుతుంది, వేళ్లు పీల్చుకున్నాక కూడా అది దాదాపు మారదు కాబట్టి నాకు దాని మీదే గురి ఎక్కువ. అయినా ఒక్క అంకెతో తీర్పు చెప్పకండి, రెండు ప్రాంతాల రాళ్లు ఒకేలా ఉండొచ్చు.

కర్ణాటకలో కాఫీ పండే చిక్కమగళూరు గింజల్ని కూడా పేరు చెప్పకుండా కలిపి పంపండి. వాటిని వేరు చెయ్యలేని పరీక్షతో ఎవరి మీదా నింద వెయ్యకండి.