బేక్ చేయని పార్టీ స్వీట్లా? ముందు మైదా డబ్బా మూత పెట్టండి

2021లో అమెరికాలో ప్యాకెట్లో అమ్మే కేకు పిండి, అంటే కేక్ మిక్స్ వల్ల 16 మంది ఈ.కోలి అనే క్రిమి బారిన పడ్డారు. విచారణలో మాట్లాడినవారిలో ఎక్కువమంది చేసిన పని ఒక్కటే: కలిపిన పిండిని కాల్చకముందే రుచి చూశారు. అంతకుముందు 2016లో పచ్చి పిండి వల్లే అక్కడ 24 రాష్ట్రాల్లో 63 మంది జబ్బుపడ్డారు. వాళ్ళలో కొందరు ఒక్క వేలు నాకి ఉంటారు. ఓవెన్ అక్కర్లేదంటూ తిరిగే కుకీ డో (కాల్చని బిస్కెట్ పిండి ముద్ద) బార్లు, కేక్ మిక్స్ ఉండలైతే అదే పచ్చి పిండిని ట్రే నిండా చేసి, పైన రంగు బిళ్ళలు చల్లి, పిల్లల చేతికిస్తాయి.

పిండి సంగతి

మైదా, గోధుమపిండి, కేక్ మిక్స్ మూడూ పచ్చి సరుకే. పొడిగా, మెత్తగా, సువాసనగా ఉంటే వండినట్టు కాదు. గింజ పొలంలో ఉండగానే జంతువుల పేడ ద్వారా క్రిములు అంటుకోవచ్చు. మిల్లు గింజను నలుపుతుంది, జల్లిస్తుంది, క్రిమిని మాత్రం చంపదు. దాన్ని చంపేది వంటే, ఈ స్వీట్లలో లేనిదీ వంటే.

"గుడ్డు వేయలేదు కదా, ఏం కాదులే" అనే మాటే కొంప ముంచుతుంది. గుడ్డు లేకపోయినా పిండి ఉంది.

ఇంకో తెలివి: మైదాను మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు వేడిచేసి వాడటం. పొడి పిండిలో ఉన్న క్రిములు తడి పిండిలో చచ్చినంత సులువుగా చావవు. పైగా గిన్నెలో ఒక చోట మాడుతుంది, ఇంకో చోట గోరువెచ్చగానే ఉంటుంది. ఇంట్లో ఇలా చేయొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థే చెబుతోంది.

"పోయినసారీ ఇదే చేశాం, ఎవరికీ ఏం కాలేదు" అనేవాళ్ళకు ఒక మాట. ఈ.కోలి సాధారణంగా తిన్న మూడు నాలుగు రోజులకు బయటపడుతుంది. అప్పటికి పార్టీ స్వీటు ఎవరికీ గుర్తుండదు. ఐదేళ్లలోపు పిల్లల్లో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. విరేచనాల్లో రక్తం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేయకండి.

మరి ఈ స్వీట్ల అడుగు పొరకు ఏం వాడాలి? ఇప్పటికే కాల్చినది. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి 300 గ్రాముల బిస్కెట్ పొడి, 120 గ్రాముల కరిగించిన వెన్న కలిపి, గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. సరిగా అదమకపోతే కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది. కేక్ రుచే కావాలంటే కాల్చిన కేకు పొడి చేసుకోండి. కేక్ మిక్స్ మాత్రం వద్దు.

చాక్లెట్, పైన బిళ్ళలు

200 గ్రాముల చాక్లెట్‌ను మైక్రోవేవ్‌లో మొదట 30 సెకన్లు, ఆ తర్వాత 15 సెకన్ల చొప్పున వేడిచేస్తూ, ప్రతిసారీ బయటికి తీసి కలపండి. వైట్ చాక్లెట్ ఇంకా త్వరగా మాడుతుంది. గిన్నె, గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్‌లోని చక్కెర ఆ తడిని పట్టుకుని అంతా ఇసుక ముద్దలా బిగుసుకుంటుంది. అలా బిగిసిందాన్ని చెంచా చెంచాగా వేడి పాలు పోసి సాస్‌గా మార్చుకోవచ్చు గానీ పై పూతకు ఇక పనికిరాదు. పలచన చేయాలంటే ఒక చెంచా కొబ్బరినూనె వేయండి. వెన్నలో నీరుంటుంది, వద్దు.

పూత పోశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, మెరుపు పోకముందే బిళ్ళలు అద్దండి. మరీ వేడిగా ఉంటే బిళ్ళల రంగు కరుగుతుంది, గట్టిపడ్డాక వేస్తే ట్రే వంచగానే జలజలా రాలతాయి.

ఇక మిగిలినవి, వరుసగా:

- నాలుగేళ్లలోపు పిల్లలకు గుండ్రటి గట్టి బిళ్ళలు, ముక్కలు చేయని బాదం లాంటి గింజలు, మార్ష్‌మాలోలు (దూదిలా మెత్తటి చక్కెర మిఠాయిలు) పెట్టకండి. గొంతుకు అడ్డం పడతాయి. వాళ్ళ ముక్కలు వేరే ట్రేలో, సన్నటి స్ప్రింకిల్స్‌తో (రంగు చక్కెర పలుకులతో) చేయండి.
- తింటూ పరుగెత్తనివ్వకండి. పుల్లకు గుచ్చినవైతే అసలే వద్దు.
- స్వీట్ల మీద చల్లే మెరుపు పొడి డబ్బా మీద "విషం కాదు" అని ఉంటే అది తినేదని కాదు. పదార్థాల జాబితా లేకపోతే వాడకండి. ఇలాంటి పొడుల్లో సీసం, రాగి దొరికాయి.
- వేరుశనగ, బాదం కొందరికి పడవు, అవి ఉన్న ట్రేకి పేరు రాసి పెట్టండి. గరిటె, కత్తి కూడా వేరే.
- కరిగించిన మార్ష్‌మాలోను పిల్లలతో కలిపించకండి. చర్మానికి అంటుకుంటే వదలదు, కాలుస్తూనే ఉంటుంది.
- ఫ్రిజ్ నుంచి తీయగానే మూత తెరవకండి. చెమ్మ పట్టి రంగులు కారతాయి.
- క్రీమ్ చీజ్ వేసినవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే.
- రెసిపీలో "కప్పు మైదా" అని ఉండి, ఓవెన్ మాట ఎక్కడా లేకపోతే ఆ రెసిపీ మూసేయండి.
- పొడి సరిపోలేదని చివర్లో గుప్పెడు మైదా వేయకండి. ఇంకో నాలుగు బిస్కెట్లు నలపండి.
- ట్రేకి అంటుకోకుండా మైదా చల్లకండి. బటర్ పేపర్ వేయండి.
- చిక్కబడాలని చెంచా మైదా కూడా వద్దు.
- అదే బల్ల మీద పక్కన ఇంకెవరైనా కేకు పిండి కలుపుతుంటే, వాళ్ళ పని అయ్యి, బల్ల సబ్బుతో కడిగాకే మీ ట్రే తీయండి.