కంప్యూటర్ సొంతంగా నేర్చుకుందాం - 6: కిక్కిరిసిన డెస్క్‌టాప్‌లో ఫైలు పట్టుకోవడం

పోయిన పాఠంలో ఫైళ్లను కాపీ చేయడం, ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడం చూశాం. అభ్యాసం బుద్ధిగా చేసినవాళ్ల డెస్క్‌టాప్ ఈపాటికి నిండిపోయే ఉంటుంది. ఆధార్ పీడీఎఫ్, పదో తరగతి మెమో, కరెంటు బిల్లు, వాట్సాప్ ఫొటోలు, పక్కన బ్రాకెట్లో 1, 2 అంకెలున్న నకళ్లు. వాటిని సర్దడం వచ్చే పాఠం. అవతల ఫోన్లో ఎవరో "మెమో పంపు, టైమ్ అయిపోతోంది" అంటుంటే సర్దుకుంటూ కూర్చోలేం కదా. ఈరోజు వెతకడం ఒక్కటే. ఇక్కడ చెప్పేవి విండోస్ 10, 11 రెండిటిలోనూ పనిచేస్తాయి.

ముందుగా చిన్న కిటుకు. విండోస్ మీట నొక్కి పట్టుకుని డి కొట్టండి. తెరిచి ఉన్న కిటికీలన్నీ పక్కకు తప్పుకుని డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఖాళీ జాగాలో ఒకసారి క్లిక్ చేసి, ఫైలు పేరులోని మొదటి రెండు మూడు అక్షరాలు గబగబా టైప్ చేయండి. ఆ పేరుతో మొదలయ్యే ఐకాన్ మీదకు ఎంపిక దానంతటదే వెళ్తుంది. ఎంటర్ కొడితే ఫైలు తెరుచుకుంటుంది.

పేరే గుర్తులేదా? చాలామంది ఇక్కడ రైట్ క్లిక్ చేసి, సార్ట్ బై అనే చోట తేదీ ఎంచుకుంటారు. నేనైతే వద్దంటాను. మీరు చేత్తో పెట్టుకున్న వరస మొత్తం చెదిరిపోతుంది. దానికి బదులు విండోస్ మీటతో పాటు ఇ (E) నొక్కి, ఎడమవైపు పట్టీలో డెస్క్‌టాప్ మీద క్లిక్ చేయండి. అవే ఫైళ్లు ఇంకో కిటికీలో కనిపిస్తాయి. వ్యూలో డీటెయిల్స్ పెట్టి, పైన డేట్ మాడిఫైడ్ అన్న శీర్షికను నొక్కండి. పాతవి ముందొస్తే మళ్లీ నొక్కండి. ఇక్కడ ఎంత తారుమారు చేసినా అసలు డెస్క్‌టాప్ మీద ఐకాన్లు కదలవు.

ఇందులో ఒక మెలిక ఉంది. నిన్న పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసిన ఫైలు పైన కనబడకపోవచ్చు. డేట్ మాడిఫైడ్ అంటే ఆ ఫైలును చివరిసారి మార్చిన తేదీ. కాపీ చేసినంత మాత్రాన అది మారదు, రెండేళ్ల కిందటిదైతే రెండేళ్ల కిందటి తేదీయే చూపిస్తుంది. శీర్షికల మీద రైట్ క్లిక్ చేసి డేట్ క్రియేటెడ్‌కు టిక్కు పెట్టండి. కాపీ చేసిన రోజు అందులో ఉంటుంది. "నిన్ననే కదా పెట్టాను, మాయమైపోయింది" అనే టెన్షన్‌కు చాలాసార్లు ఇదే కారణం.

ఇక వెతుకు పెట్టె. అదే కిటికీలో కంట్రోల్‌తో పాటు ఎఫ్ నొక్కితే కర్సర్ అందులోకి వెళ్తుంది. పీడీఎఫ్‌లు మాత్రమే కావాలంటే నక్షత్రం గుర్తు, చుక్క, పీడీఎఫ్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. పేరు మధ్యలోని ముక్క ఒక్కటే గుర్తుంటే దానికి ముందూ వెనకా నక్షత్రం పెట్టండి.

ఫైలు లోపలి మాటలతోనూ వెతకొచ్చు గానీ, దాన్ని మరీ నమ్ముకోకండి. స్కాన్ చేసిన మెమో పేరుకు పీడీఎఫ్ అయినా లోపల ఉన్నది బొమ్మే. పాస్‌వర్డ్ ఉన్న ఈ-ఆధార్ లోపలికి ఈ వెతుకులాట వెళ్లదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పెళ్లి శుభలేఖదీ అదే కథ. తెర మీద తెలుగులా కనబడినా, కంప్యూటర్ దాచుకున్నది తెలుగు యూనికోడ్ అక్షరాలను (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాలను) కాదు. మీరు తెలుగులో ఎంత వెతికినా దానికి తెలియదు. ఇలాంటివి పేరుతోనో తేదీతోనో దొరకాల్సిందే.

అభ్యాసం: ఇంట్లో ఇంకొకరిని మీ డెస్క్‌టాప్ మీద ఉన్న ఏదైనా ఫైలు పేరు చెప్పమనండి. ఖాళీ జాగాలో ఆ ఒక్క క్లిక్ తప్ప మౌస్ ముట్టకుండా తెరవండి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి పాత ఫొటో ఒకటి డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసి, రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ఫొటోను చెరిపేయకండి, వచ్చే పాఠంలో సర్దడం దానితోనే మొదలుపెడదాం.