బెంగళూరులో నల్లటి గే కుర్రాడు ప్రేమ వెతుక్కోవాలంటే

మారతహళ్ళి పీజీలో ఇంకో ముగ్గురితో రూమ్ పంచుకుంటూ, అందరూ పడుకున్నాక ఫోన్ వెలుతురు తగ్గించి డేటింగ్ యాప్ తెరిచే తెలుగు కుర్రాళ్ళ కోసం ఇది. గే కావడం జబ్బా, నేరమా అన్న చర్చ ఇక్కడ లేదు. నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది, వైద్యంతో ‘మార్చేస్తాం’ అనడం తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది, కాబట్టి ఏ డాక్టరైనా ఆ మాట ఎత్తితే లేచి వచ్చేయండి. మన అసలు తంటా ఇంకోటి. నల్లగా ఉన్నాం కదా, ఎవరో ఒకరు ఒప్పుకుంటే అదే మహాభాగ్యం అనుకుంటాం. ముందు దాని పని పట్టాలి, మిగతా ఇబ్బందులు చాలావరకు దాని వెనకే వస్తాయి.

ఫోటోతో మొదలుపెట్టండి. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకి బ్యూటీ మోడ్ ముందే ఆన్ చేసి ఉంటుంది, మనకి తెలియకుండానే తెల్లబరిచేస్తుంది, దాన్ని ఆపేయండి. పీజీ ట్యూబ్‌లైట్ కింద తీస్తే ముఖం బూడిద పూసినట్టు వస్తుంది, అది లైటు తప్పు, మీ రంగుది కాదు. సాయంత్రం ఐదు దాటాక డాబా మీదకో కబ్బన్ పార్కుకో వెళ్ళి ఫ్రెండ్‌తో తీయించుకోండి. స్క్రీన్ మీద మీ ముఖం ఉన్నచోట వేలితో నొక్కమనండి, లేకపోతే కెమెరా వెనకున్న ఆకాశానికి సర్దుకుని మిమ్మల్ని చీకట్లో పడేస్తుంది. ఫిల్టర్ ఫోటో పెడితే కలిసే రోజు దాకా ‘నన్ను చూశాక ఏమంటాడో’ అన్న టెన్షన్ మీకే.

‘నలుపు నారాయణుడు మెచ్చు’ అంటూనే ప్రతి ఆదివారం తోలు ఊడేలా సున్నిపిండి రుద్దిన ఇళ్ళు మనవి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మారింది గానీ పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు చూడటం, యాప్‌లో పిల్లాడి రంగు అడగడం ఎవరూ మానలేదు. బయోలో ‘ఓన్లీ ఫెయిర్’ అని రాసుకున్నవాడితో వాదన పెట్టుకోకండి, బ్లాక్ చేసి ముందుకు పొండి. ‘నాకు నల్లోళ్ళంటే పిచ్చి’ అని మొదలుపెట్టేవాడి దగ్గరా జాగ్రత్త, నాలుగు రోజులు మాట్లాడినా మీ ఊరేదో, తిన్నారో లేదో అడగకపోతే వాడికి మీతో పని లేనట్టే.

ప్రేమకన్నా ముందు మనుషుల్ని వెతుక్కోండి. బెంగళూరులో గుడ్ యాజ్ యూ అనే మనలాంటివాళ్ళ బృందం 1990ల నుంచీ ఉంది, మనవాళ్ళంతా కలిసి వీధుల్లో నడిచే ప్రైడ్ నడక 2008 నుంచి జరుగుతోంది. కన్నడ రాదని జంకొద్దు. మొదటిసారి వెళ్ళి నోరు విప్పకుండా ఓ మూల కూచున్నా ఎవరూ ఏమీ అనుకోరు. మీకన్నా నల్లగా ఉన్నవాడొకడు కాటుక పెట్టుకుని హాయిగా టీ తాగుతుంటే చూడటం నాలుగు కౌన్సెలింగ్‌ల పెట్టు (ఇది నా లెక్క). మనసు మరీ బాగోకపోతే ప్రభుత్వ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

కలిసే ముందు వీడియో కాల్ చేయండి, మొదటిసారి ఎవరి రూముకీ వెళ్ళొద్దు. ‘మీ ఇంట్లో చెప్పేస్తా’ అని డబ్బు అడిగితే రూపాయి కూడా పంపకండి, ఒకసారి పంపితే రేటు పెరుగుతుంది. స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308 కింద నేరం. కండోమ్ వద్దనేవాణ్ణి, ఎంత అందగాడైనా సరే, ‘దొరకక దొరికాడు’ అని మొహమాటపడకుండా పంపించేయండి. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఇంట్లో చెప్పడానికి తొందర లేదు. అద్దె మీరే కట్టుకునే స్థితికి వచ్చాక, పండగలప్పుడు చుట్టాల మధ్య కాకుండా, మామూలు రోజున అమ్మకో అక్కకో ముందు చెప్పండి. అమ్మ ఏడుస్తుంది, తర్వాత అడుగుతుంది చూడండి, ‘నల్లగా ఉన్నానని ఆడపిల్లలు ఒప్పుకోరనుకుని ఇలా అంటున్నావా నాన్నా?’ అని. కోప్పడకండి. ‘కాదమ్మా, దొరబాబులా ఉన్నా నాకు మగవాళ్ళే నచ్చేవాళ్ళు’ అనండి, అవసరమైతే మళ్ళీ మళ్ళీ అనండి. వాళ్ళ కోసం పెళ్ళికి ఒప్పుకుని ఒక ఆడపిల్ల బతుకు పాడుచేయడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు.

తోడు దొరికాక కాగితాల పని వాయిదా వేయొద్దు. అమెరికాలో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ మార్చ్‌ని దగ్గరుండి నడిపించిన బేయర్డ్ రస్టిన్ నల్లజాతివాడు, గే. 1948లో మన దేశం వచ్చి గాంధేయుల పని చూసి వెళ్ళినవాడు. గే అన్న కారణంతో ఉద్యమంలో సొంతవాళ్ళే ఆయన్ని వెనక్కి నెట్టారు. (మన నలుపూ ఆయన నలుపూ ఒకటని కాదు, వాళ్ళది బానిసత్వం మోసిన చరిత్ర.) పెళ్ళికి చట్టం దారి ఇవ్వక 1982లో, 70 ఏళ్ళ వయసులో, తనకన్నా చాలా చిన్నవాడైన తన తోడుని దత్తత తీసుకున్నాడు, చట్టం దృష్టిలో ఇద్దరూ పరాయివాళ్ళుగా మిగలకూడదని. మనకీ సుప్రీంకోర్టు 2023 అక్టోబరు తీర్పులో పెళ్ళి హక్కు రాలేదు. కానీ క్వీర్ జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న చెప్పింది, ఆ ప్రకటన ప్రింట్ తీసుకుని బ్యాంకుకి వెళ్ళండి. నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బు అతనిదైపోదు, అందుకే వీలునామా కూడా రాయండి. మామూలు కాగితం మీద రాసినా చెల్లుతుంది, మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.